ఐస్‌క్రీమ్ డబ్బుతో దంత కళాశాల

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. అది మాట తీరు గురించి చెప్పింది. కొంచెం మార్చి, నోరు మంచిదైతే ఒళ్లు మంచిదవుతుందన్నా తప్పులేదు. ఈ విషయాన్ని మన దేశంలో కళాశాల పెట్టి బోధించడం 1920లో కలకత్తాలో, అంటే నేటి కోల్‌కతాలో, మొదలైంది.

అంతకుముందు పన్ను నొప్పి పుడితే సామాన్యుడు వెళ్లేది క్షురకుని దగ్గరికో, సంతలో పళ్లు పీకేవాడి దగ్గరికో. దంత వైద్యం పద్ధతిగా చదవాలంటే విదేశాలకు పోవలసిందే. అలా వెళ్లినవారిలో రఫీయుద్దీన్ అహ్మద్ ఒకరు. ఆయన 1890లో తూర్పు బెంగాల్‌లో జన్మించారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంత వైద్య పట్టా పొందారు. తరువాత బోస్టన్‌లో, పిల్లలకు దంత చికిత్స చేసే ఫోర్సైత్ ఆస్పత్రిలో పనిచేశారు. పన్ను పాడయ్యాక పీకడం కన్నా, పాడవకుండా చూడటమే మేలని నమ్మిన సంస్థ అది.

కలకత్తా తిరిగివచ్చిన అహ్మద్ దంత కళాశాల స్థాపించారు. మరి డబ్బు? ఆయన 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' పేరిట ఒక ఐస్‌క్రీమ్ దుకాణం నడిపి, ఆ రాబడిని కళాశాలకు ఖర్చు పెట్టారు. తీపి పళ్లకు శత్రువు. ఆ తీపే పళ్ల చదువుకు పెట్టుబడి అయింది! ఫాతిమా జిన్నా చదివింది ఈ కళాశాలలోనే. 1925లో అహ్మద్ దంత వైద్య పత్రిక ప్రారంభించారు. ఈ వృత్తికి చట్టం కావాలని కృషి చేశారు. బెంగాల్‌లో 1939లో, దేశమంతటికీ 1948లో దంత వైద్యుల చట్టాలు వచ్చాయి. 1949లో ఆయన తన కళాశాలను ప్రభుత్వానికి అప్పగించారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడు కన్నుమూశారు. ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డులోని ఆ కళాశాల నేడు ఆయన పేరుతోనే ఉంది.

ఇంతకీ, పంటికీ ఒంటికీ సంబంధం ఏమిటి? పళ్ల మీద పేరుకునే పాచిలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. అవి చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. పాచి గట్టిపడి గార అవుతుంది, చిగుళ్లు వాస్తాయి. వాచిన చిగుళ్ల గుండా సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించగలవు. గుండె కవాటాలు దెబ్బతిన్నవారికి ఇది ప్రమాదం. మధుమేహం చిగుళ్ల జబ్బును పెంచుతుంది. చిగుళ్ల జబ్బు వల్ల మధుమేహం అదుపు తప్పుతుంది.

ఈ జబ్బు స్త్రీలలో కన్నా పురుషులలో ఎక్కువని అనేక సర్వేలు చూపాయి. పొగ తాగడం, పళ్లు సరిగా తోముకోకపోవడం, నొప్పి భరించలేనిదయ్యేదాకా వైద్యుని వద్దకు వెళ్లకపోవడం ఇందుకు కొన్ని కారణాలు. వీటికి తోడు వక్క, జర్దా, ఖైనీ, గుట్కా ఉన్నాయి. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పొగాకు వాడే పురుషులు 42.4 శాతం, స్త్రీలు 14.2 శాతం. భారతీయ పురుషులలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ నోటి క్యాన్సరే. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి, క్రమంగా నోరు తెరవడమే కష్టమవుతుంది.

అహ్మద్ విద్యార్థులకు రోగి నోరు చూడటం నేర్పారు. మీరు మీ నోరే అద్దంలో చూసుకోవచ్చు. తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, చిగుళ్ల నుంచి రక్తం, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే నొప్పి లేకపోయినా వైద్యునికి చూపండి. ఇంట్లో కిళ్లీ నమిలే తాతయ్య, నాన్న ఉంటే వారినీ అద్దం ముందుకు తీసుకురండి. క్యాన్సర్ తొలి దశలో సాధారణంగా నొప్పి ఉండదు. అప్పుడే చికిత్స సులభం.