అక్షరములలో మహాసంఖ్యలు

చదరంగపు గింజల కథ మనలో వినని వారుండరు. ఆ యాటను కల్పించిన పండితుడు రాజును గొప్ప మాన్యము లేవియు కోరలేదు. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఈ విధముగా అరువదినాలుగు గళ్ళకును రెట్టించి యిప్పింపుమనెను. రాజు నవ్వి యొప్పుకొనెను. లెక్క తేలిన పిమ్మట నవ్వు మానెను. ఆ గింజల మొత్తము 18446744073709551615. మొత్తము ఇరువది యంకెలు.

కొన్నియేండ్ల క్రిందట బాలురకొరకు నేనొక చిన్న గణిత పుస్తకమును వ్రాసి అచ్చునకిచ్చితిని. అందు ఈ సంఖ్యయు, దీనిని చెప్పు ప్రాచీన పద్యమును చేర్చితిని. అచ్చు ప్రతులు వచ్చినప్పుడు తొమ్మిదులు త్రోసి చూచితిని. అంకెలన్నియు కూడగా 87. ఎనిమిదియు ఏడును పదునైదు. ఒకటియు అయిదును ఆరు. సరిపోయినది. సంతోషించి సంతకము చేసితిని. పుస్తకము వెలువడిన నెలకు పెనుకొండ సమీప గ్రామమునుండి యొక పెద్దమనిషి వచ్చి, “అయ్యవారూ, పద్యము ఒకటి చెప్పుచున్నది, అంకెలు వేరొకటి చెప్పుచున్నవి” అనెను. చూతును గదా, 709 అని యుండవలసిన చోట 790 అని పడియున్నది! రెండంకెలు తారుమారైన కూడిక మారదు. కనుక తొమ్మిదుల పరీక్షకు ఆ తప్పు దొరకలేదు. గింజలు మాత్రము 8 కోట్ల 10 లక్షలు హెచ్చినవి.

లెక్క చేసిన చోటొకటి, అక్షరములు కూర్చిన చోటొకటి యైనప్పుడు నడిమి త్రోవలో తప్పు చొచ్చును. ఈ త్రోవను మూసివేయుటకు మనుష్యులు వేయి సంవత్సరములుగా చేసిన ప్రయత్నమే నేటి ప్రసంగమునకు విషయము.

మొదటి ప్రయత్నము మన భాషలోనిదే. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున ‘గణితసారసంగ్రహము’ రచించెను. 1912లో రంగాచార్యులవారు దానిని ఆంగ్లానువాదముతో మద్రాసులో ప్రకటించిరి. మహావీరుడు ఏక, దశ, శతములతో ఆరంభించి మహాక్షోభము వరకు ఇరువదినాలుగు స్థానములకు పేర్లు చెప్పెను. మన గింజల సంఖ్యలో మొదటి యంకె ఇరువదవ స్థానమగు మహాశంఖమున కూర్చున్నది. ఇంకను నాలుగు స్థానములు ఖాళీగా నున్నవి!

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెనుగు పద్యములుగా వ్రాసెను. ఆయన రాజరాజ నరేంద్రుని (1022–1061) కాలమువాడని పెక్కుమంది పండితుల మతము. చదరంగపు గింజల మొత్తమును చెప్పు చంపకమాల మల్లనదని ప్రసిద్ధి. అందు ఒక్క యంకెయు అంకెగా కనబడదు; అన్నియు మాటలే. చంద్రుడొక్కడే గనుక చంద్రుడన ఒకటి. మన్మథుని బాణములు అయిదు గనుక శరమన అయిదు. వేదములును సముద్రములును నాలుగు, కులపర్వతములు ఏడు, ఆకాశము శూన్యము. ఈ మాటలను ఒకట్ల స్థానమునుండి పైకి వరుసగా పేర్చుదురు. చదువువారు వెనుకనుండి అంకెలు వేసికొందురు. దీనినే భూతసంఖ్యా సంకేతమందురు.

ఒక యంకెకు ఒక్కటే మాట యున్నచో పద్యము నడవదు. చంద్రునికి ఎన్ని పేర్లు గలవో ఒకటికి అన్ని మాటలు. కొండకు ఎన్ని పేర్లో ఏడునకు అన్ని. గణము లఘువును కోరినచో నొక పేరు, గురువును కోరినచో మరియొక పేరు. పూర్వము అచ్చుకూటములో కంపోజిటరు ఖాళీని బట్టి సీసపు తునకను ఏరినట్లు కవి ఛందస్సును బట్టి పేరు నేరుకొనును. ఒకసారి కూర్చిన పిమ్మట దానిని కదల్చుట కష్టము. నా పుస్తకములో తారుమారైన రెండంకెలు తొమ్మిదియు సున్నయు గదా. వానికి రంధ్రము, వియత్తు అను మాటలు. వియత్తును ముందునకు తెచ్చి రంధ్రమును వెనుకకు త్రోసినచో ‘వియద్రంధ్ర’ యగును. రెండు గురువులు ప్రక్కప్రక్కన పడును. చంపకమాల పాదములో అట్టిది ఎచ్చటను రాదు. చదువువాని నాలుక అచ్చటనే నిలుచును. తొమ్మిదుల పరీక్షకు చిక్కని దొంగ ఛందస్సునకు చిక్కును.

పెనుకొండ సీమకు ఈ సంకేతము దూరపు చుట్టము కాదు. విజయనగర రాజుల తామ్రశాసనములలో శకవర్షమును ఇట్టి మాటలతో చెప్పుట పరిపాటి. మన పెనుకొండలో బుక్కరాయల నాటి శాసనము శక 1276, అనగా క్రీస్తుశకము 1354 నాటిది. ఆ వర్షమును మాటలలో పెట్టవలెనన్న ‘రస, అద్రి, కర, చంద్ర’ యనవచ్చును. ఈ కూర్పు నాది, శాసనములోనిది కాదు. ఆరు, ఏడు, రెండు, ఒకటి, వెనుకనుండి 1276. రాయి యరిగి అంకెలో నొక గీత పోయినచో ఒకటి ఏదో, ఏడు ఏదో తెలియక చరిత్రయే మారును. మాటలో ఒక యక్షరము పోయినను మిగిలిన యక్షరములు దానిని పట్టియిచ్చును.

రెండవ ప్రయత్నము ఇంగ్లండు దేశమున జరిగినది. అచ్చట నావికులును, ఖగోళజ్ఞులును అచ్చుపట్టికలను నమ్మి పనిచేయువారు. పట్టికలో నొక యంకె తప్పినచో ఓడ దారి తప్పును. 1821లో చార్లెసు బాబేజి అను గణితవేత్త తన మిత్రుడు హెర్షెలుతో కలిసి ఖగోళ పట్టికలను సరిచూచుచు, అందలి తప్పులకు విసిగి, ఈ లెక్కలను ఆవిరియంత్రము చేసిన బాగుండునని తలంచెను. లెక్క మాత్రమే చేసిన చాలదు, ఫలమును అచ్చుదిమ్మెగా ఆ యంత్రమే పోతపోయవలెననుట ఆయన సంకల్పము. 1823 మొదలు ప్రభుత్వము ధనమిచ్చెను, 1842లో చాలించెను. ఆయన గీసిన రెండవ యంత్రమును లండను విజ్ఞాన ప్రదర్శనశాలవారు 1991లో నిర్మించిరి; దాని ముద్రణభాగమును 2002లో ముగించిరి. అది ముప్పదియొక్క యంకెల సంఖ్యలతో తప్పు లేక పనిచేసినది.

ఆయనయే తలపెట్టిన మరియొక యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు చిల్లుల అట్టలను వాడదలచెను. ధర్మవరపు నేతగాండ్రకు ఆ యట్టలను గూర్చి నేను చెప్పనక్కరలేదు. 1804లో ఫ్రాన్సు దేశపు జాకార్డు కనిపెట్టిన ఆ సాధనమే నేడును పట్టుచీర అంచులో హంసను, నెమలిని దింపుచున్నది. చిల్లున్న చోట పోగు లేచును, లేని చోట నిలుచును. ఉండుట, లేకుండుట యను రెండు మాటలతోనే చీరయంతయు వ్రాయబడును. నేటి కంప్యూటరునకును అక్షరమాల ఈ రెండు మాటలే. ఈ సంగతి ముందు అవసరమగును.

మూడవ ప్రయత్నము అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జరిగినది. డొనాల్డు క్నూత్ అను ఆచార్యుడు కంప్యూటరు శాస్త్రముపై మహాగ్రంథమును సంపుటములుగా వ్రాయుచుండెను. 1977లో రెండవ సంపుటపు ద్వితీయ ముద్రణకు అచ్చు ప్రతులు వచ్చినవి. ఆ యక్షరముల రూపము చూచి ఆయన మనసు విరిగినది. చేయుచున్న పనిని నిలిపి, అక్షరములు కూర్చు విధానమునే కంప్యూటరులో తానుగా నిర్మింప పూనుకొనెను. దాని పేరు ‘టెక్’. కళ, నేర్పు అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చినది. గణిత గ్రంథములను కూర్చువారు లోకమంతట నేటికిని దానిని వాడుచున్నారు. ఒక విశేషమేమనగా, ఏ సంపుటము దీనికి కారణమైనదో ఆ సంపుటములోనే, పరిమితి లేని మహాసంఖ్యలను యంత్రముతో కూడి గుణించు పద్ధతులను క్నూత్ వివరించియున్నాడు.

అయినను టెక్ లెక్కలకొరకు పుట్టలేదు. పుటల సంఖ్య, ప్రకరణముల సంఖ్య లెక్కించుకొనుటకు చిన్న పెట్టెలు కొన్ని దానికి కలవు. ఒక్కొక్క పెట్టెలో ముప్పదిరెండు గళ్ళు. గడిలో చిల్లు ఉన్నదా లేదా, అంతియే. ధనఋణ భేదమునకు ఒక గడి పోగా ముప్పదియొకటి మిగులును. మొదటి గడి విలువ ఒకటి, తరువాతిది రెండు, ఆపైది నాలుగు. పెద్దలారా, ఇది మన చదరంగపు బల్లయే గదా! ముప్పదియొక్క గళ్ళును నిండినచో మొత్తము 2147483647, అనగా 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇదియే టెక్ పెట్టెలో పట్టు మహాసంఖ్య. ముప్పదిరెండవ చదరంగపు గడికి రావలసిన గింజలు దీనికంటె సరిగా ఒక్కటి ఎక్కువ.

నా పుస్తకము రెండవ ముద్రణకు వచ్చినప్పుడు హిందూపురములో చదువుకొనుచున్న మా అన్నగారి మనుమడు దానిని టెక్ తో కూర్చెదనని పూనుకొనెను. “అంకెలు చేతితో వేయవద్దు, ఆ పుటయే రెట్టించి వేయవలెను” అంటిని. వాడు ఒకటిని పెట్టెలోనుంచి రెట్టింప మొదలిడెను. ముప్పదియొకటవ గడి వరకు యంత్రము పలుకక పనిచేసినది. ముప్పదిరెండవ గడికి రాగానే లెక్క హద్దు మీరినదని మొరపెట్టి నిలిచినది. కథలోని రాజువలెనే అదియు సగము బల్లవద్ద చేతులెత్తినది.

దీనికి ఉపాయము మన బడిపలకలోనే యున్నది. బాలుడు పెద్ద కూడిక చేయునప్పుడు సంఖ్యనంతటిని ఒక్కసారి తలకెత్తుకొనునా? ఎత్తుకొనడు. ఒకట్ల స్థానమున మొదలిడి ఒక్కొక్క యంకెనే కూడి, మిగులును చేతికి తీసికొని పైకి పోవును. హిందూపురపు బెల్లము మండీలో గుమస్తా పొడవైన వరుసలు కూడునదియు ఇట్లే. సంఖ్య ఎంత పెద్దదైనను వాని చేతిలో ఒక్క చిన్న మిగులే యుండును.

టెక్ కు పెట్టెలు చిన్నవి కాని అక్షరముల వరుసలకు కొదువలేదు. ఒక మాట కనబడినచో దానిని తీసి వేరొక మాట నుంచుటయే దాని ప్రధానమైన పని. వ్యాకరణము చదివినవారికి ఇది ఆదేశము. ఆదేశము శత్రువువలె స్థానిని తొలగించి కూర్చుండుననియు, ఆగమము మిత్రునివలె ప్రక్కన చేరుననియు వైయాకరణులు చెప్పుదురు. సంఖ్యను సంఖ్యగా గాక అక్షరముల వరుసగా ఎంచి, సూత్రములు వ్రాసిన చాలును. నాలుగును నాలుగును కలిసిన చోట ఎనిమిది ఆదేశము. ఎనిమిదియు ఎనిమిదియు కలిసిన చోట ఆరు ఆదేశము, పై స్థానమునకు ఒకటి ఆగమము.

ముప్పదియొకటవ గడిలోని 1073741824ను ఇట్లు రెట్టింపుడు. నాలుగు ఎనిమిదియగును, రెండు నాలుగగును, ఎనిమిది పదునారై ఆరు నిలిచి, ఒకటి చేతికి వచ్చును, ఒకటి రెండై చేతిది కలిసి మూడగును, నాలుగు ఎనిమిదియగును, ఏడు పదునాలుగై నాలుగు నిలుచును, మూడు ఆరై చేతిది కలిసి ఏడగును, ఏడు మరల పదునాలుగై నాలుగు నిలుచును, సున్నపై చేతిది చేరి ఒకటి యగును, చివరి యొకటి రెండగును. 2147483648. యంత్రము మోయలేనన్న బరువు పది చిన్న యడుగులలో దాటినది.

ఇట్టి సూత్రములను టెక్ కొరకు పలువురు కూర్చిరి. హైకో ఒబెర్డీక్ 2007లోను, జా ఫ్రాంస్వా బుర్నోల్ 2013లోను వెలువరించిన కూర్పులు ప్రసిద్ధములు. వీనితో ఇరువది యంకెలే గాదు, వందల యంకెల సంఖ్యలను పుటమీదనే కూడవచ్చును, గుణింపవచ్చును. కాలము మాత్రము ఎక్కువ పట్టును. ఇరువది యంకెలను ఇరువది యంకెలతో బడిపద్ధతిని గుణింపవలెనన్న నాలుగు వందల చిన్న గుణకారములు చేయవలెను గదా. లెక్కలకొరకే పుట్టిన సాధనములు వేరుగా నున్నవి; అవి రెప్పపాటున చేయును. అయినను వానినుండి ఫలమును ఎత్తి పుటమీదికి తెచ్చు చేయి మరల అవసరమగును. నా పుస్తకమున తప్పు వచ్చినది ఆ చేతివలననే.

మనుమడు ఆ సూత్రములను చేర్చి మరల నడిపించెను. ఈసారి పుట సగము బల్ల దాటి, అరువదినాలుగవ గడికి 9223372036854775808 వేసి, మొత్తమును క్రింద కూర్చినది. నేను తొమ్మిదులు త్రోయలేదు. తప్పు పట్టిన ఆ పెద్దమనిషిని పిలిపించితిని. ఆయన పద్యమును ఒకట్ల స్థానమునుండి చదువుచుండ, మనుమడు వెనుకనుండి ఒక్కొక్క యంకెమీద వ్రేలుంచుచు పోయెను. శరమునకు అయిదు మొదలు చివరి చంద్రునికి ఒకటి వరకు ఇరువదియు సరిపోయినవి.

కంప్యూటరు వచ్చిన తరువాత పద్యమెందుకు, పలక యెందుకు అని కొందరు అడుగుచున్నారు. సూత్రము వ్రాయువాడు తప్పు వ్రాసినచో యంత్రము ఆ తప్పునే తప్పు లేక చేయును. దానిని పట్టుటకు వేరొక దారిని వచ్చిన సాక్షి కావలెను. మల్లన పద్యము అట్టి సాక్షి. మీ యిండ్ల అటకలమీద పాత గణిత పద్యములు, తాటాకులు ఉన్నచో పారవేయకుడు. ఒకసారి దింపి దుమ్ము దులిపి చదువుడు. మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చంద్రుడన ఒకటి, శరమన అయిదు అని చెప్పుడు. చేతికి ఒకటి తీసికొనుట నేర్పుడు. వారు మీకు యంత్రమును చూపుదురు. మీరు వారికి లెక్క సరిచూచుట చూపుడు.