లిజ్జత్ అక్కల నుంచి మేం నేర్చుకున్నది

1959 మార్చి 15న ముంబైలోని గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పే. మొదటి రోజు అయినవి నాలుగు ప్యాకెట్లే. అదే తర్వాత లిజ్జత్ అప్పడం అయింది.

అప్పిచ్చిన ఛగన్‌లాల్ పారేఖ్ గారు నాణ్యత తగ్గించొద్దనీ, లెక్కలు సరిగ్గా రాయమనీ వాళ్ళకు చెప్పారు. విరాళాలు మాత్రం వాళ్ళు తీసుకోలేదు. మొదటి ఏడాది వానలకు అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్వు కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద స్టవ్వు. పని ఆగలేదు.

ఈ సంగతి మాకు ముందే తెలిస్తే బాగుండేది. మేం అప్పడాలు పెట్టిన ఏడాది వానలకు సరుకంతా బూజు పట్టింది. అమ్మిన డబ్బేమో ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. బ్యాంకు కిస్తీ పొదుపులోంచి కట్టాం. ఎంత నష్టపోయామో కూడా చెప్పలేకపోయాం, పుస్తకంలో రాస్తే కదా!

ఇప్పుడు వ్యాపారం డబ్బుకు వేరే డబ్బా, వేరే పుస్తకం. ఏ రోజు లెక్క ఆ రోజే రాస్తాం. ముసురు పడితే ఆర్డరు ఉన్నంతవరకే పిండి కలుపుతాం.

అక్కలూ, చెల్లెళ్ళూ, మీరు ఏ వ్యాపారం పెట్టినా లోను తీసుకునే ముందే సంఘంలో అడగండి: వానాకాలం ఏం చేద్దాం?