ఖాళీ గిన్నెల తిరుగు దారి

1950ల నాటి టోక్యో ఫొటోల్లో ఓ దృశ్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. సైకిల్ మీద ఓ కుర్రాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చెయ్యి భుజం మీది ట్రేలను పట్టుకుని. తలకంటే ఎత్తుగా పేర్చిన ఆ ట్రేలలో సోబా గిన్నెలు. సోబా అంటే బక్‌వీట్ పిండితో చేసే నూడుల్స్. ఆఫీసులకూ ఇళ్లకూ ఇలా చేరవేయడాన్ని జపానులో 'దెమాయె' అంటారు. 1958లో హోండా కంపెనీ సూపర్ కబ్ అనే చిన్న మోటారు సైకిల్ తెచ్చినప్పుడు దానికి క్లచ్ లీవరు పెట్టలేదు. సోబా తెచ్చే కుర్రాడు ఒంటి చేత్తో నడపగలిగేలా ఉండాలన్నది కంపెనీ పెద్దల పట్టుదల. 2017 నాటికి పది కోట్లు తయారైన ఆ బండి పుట్టుకలో హోటల్ డెలివరీకి అంత వాటా ఉంది.

ఆ గిన్నెలు పింగాణీవి, లక్కపూత వేసినవి. హోటల్ సొత్తు. తిన్నవాళ్లు తొలిపి గుమ్మం బయట పెడితే కుర్రాడు మళ్లీ వచ్చి పట్టుకెళ్లేవాడు. పారేసే గిన్నె అంటూ అందులో ఉండేది కాదు.

పర్యావరణానికి హాని చెయ్యని పార్సెల్ అనగానే ఇవాళ మన చర్చంతా డబ్బా దేనితో చేశారన్న దాని చుట్టూనే తిరుగుతుంది. ప్లాస్టిక్కా, అట్టా, చెరకు పిప్పా, మొక్కజొన్న పిండా అని. పాత లెక్కలు తిరగేస్తే నాకు మరో ప్రశ్న పెద్దదిగా కనిపిస్తోంది. తిన్నాక ఆ గిన్నె కోసం ఎవరైనా వస్తారా?

కొరియాలో వచ్చేవాళ్లు. చైనా నుంచి వలస వచ్చినవాళ్లు ఇంచియాన్ రేవులో మొదలుపెట్టిన హోటళ్ల నుంచి జాజాంగ్‌మ్యొన్ అనే నల్లసాస్ నూడుల్స్ దేశమంతా పాకాయి. వాటిని మోసుకొచ్చే రేకుపెట్టె పేరు 'చొల్‌గబాంగ్'. పక్క తలుపు పైకి జరిపితే లోపల అరలు, అరల్లో గిన్నెలు. తిన్నాక ఖాళీ గిన్నెల్ని పాత పేపర్లో చుట్టి తలుపు బయట పెట్టేస్తే చాలు, కాసేపటికి స్కూటరు మళ్లీ వచ్చేది. సోల్ అపార్ట్‌మెంట్ల వరండాల్లో ఈ పేపరు పొట్లాలు నిన్నమొన్నటి దాకా మామూలు సంగతి. ఫోన్ యాప్‌లు వచ్చి, ఒకే డెలివరీ మనిషి పది హోటళ్లకు పనిచేయడం మొదలయ్యాక ఆ రెండో రాకపోక చాలావరకు ఆగిపోయింది. ఏదో ఒక హోటల్ గిన్నె కోసం తిరిగి రావడానికి అతనికి పైసా ముట్టదు మరి.

మన దేశంలో ఈ మాట ఎత్తితే బొంబాయి డబ్బావాలాలు గుర్తుకొస్తారు. 1890 ప్రాంతంలో మహాదేవ్ హావాజీ బచ్చే వందమంది దాకా మనుషులతో మొదలుపెట్టిన పని అది. మంచి రోజుల్లో ఐదు వేల మంది దాకా ఉండి, రోజుకు రెండు లక్షల డబ్బాల దాకా మోసేవారన్నది తరచూ చెప్పే లెక్క. మూత మీద రంగుతో వేసిన అంకెలు, అక్షరాలే చిరునామా. వాళ్లు మోసేది ఎక్కువగా ఇంటి వంట, హోటల్ తిండి కాదు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఆరు సిగ్మా (దాదాపు పొరపాటే లేని పని) అనీ, మేనేజ్‌మెంట్ పాఠమనీ పొగిడేవాళ్లంతా పొద్దున డబ్బా చేరే లెక్కనే చూస్తారు. మధ్యాహ్నం ఖాళీ డబ్బా అదే దారిన, అవే చేతులు మారుతూ ఇల్లు చేరడం ఎవరి కంటికీ ఆనదు. పనిలో సగం అదే. కొవిడ్ తర్వాత వాళ్ల సంఖ్య బాగా పడిపోయింది.

తెలుగు ఊళ్లలో దీని పేరు క్యారేజీ. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి వంటి పట్నాల్లో గదులు తీసుకుని చదువుకునే కుర్రాళ్లకూ, పెళ్లికాని గుమస్తాలకూ మెస్సు నుంచి క్యారేజీ వచ్చేది. మొదట సత్తువి, తర్వాత స్టీలువి. అడుగు గిన్నెలో అన్నం, ఆపైన పప్పు, కూర, సాంబారు, పై గిన్నెలో పెరుగు. అనుకోకుండా చుట్టాలు దిగబడితే ఇంటివాళ్లే తమ క్యారేజీ ఇచ్చి పిల్లాణ్ణి హోటలుకు పరిగెత్తించేవాళ్లు. ఇడ్లీ ఒక్కటే కావాలంటే అరిటాకులో పెట్టి, పేపర్ చుట్టి, దారంతో కట్టి ఇచ్చేవారు. సాంబారుకి మాత్రం గిన్నె పట్టుకెళ్లాల్సిందే. గిన్నె మరిచిపోయినవాడు పొడి తింటాడు, అంతే.

ఇక్కడిదాకా చదివి ఆ రోజులే బంగారమని నిట్టూర్చేవాళ్లకు ఒక మాట. ఆ అంట్లు ఎవరు తోమారు?

హోటల్ వెనక తొట్టి దగ్గర, బూడిదా కొబ్బరిపీచూ పట్టుకుని కూర్చున్నది చాలాచోట్ల పదేళ్ల పిల్లలు. 'క్లీనర్' అనే పేరు పెట్టి, తిండీ పడకా ఇచ్చి, చేతిలో చిల్లర పెట్టేవారు. హోటళ్లలో, ధాబాల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత పని చేయించడాన్ని కేంద్రం నిషేధించింది 2006 అక్టోబరు 10 నుంచి. అంతకు ముందు తరాల 'చౌక భోజనం' ధరలో ఆ పిల్లల కూలి లేదు. తిరిగొచ్చే గిన్నెకు ఖర్చు లేదనుకున్నాం గానీ, దాన్ని వేరేవాళ్లు భరించారు.

రెండో మరక ఇంకా ముదురు. ఒకరు తిన్న గిన్నె కడిగి ఇంకొకరికి పెట్టాలంటే, ఎంగిలి గురించి మన సమాజానికి ఉన్న పట్టింపులు అడ్డొచ్చాయి. పల్లెల టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగాక వాళ్ల చేతే కడిగించిన 'రెండు గ్లాసుల పద్ధతి' మీద తెలుగునాట దశాబ్దాల పాటు ఉద్యమాలు జరిగాయి. వాడి పారేసే కప్పులు ఊళ్లోకి వచ్చాక కొన్ని చోట్ల ఆ వివక్ష పోలేదు, రూపం మార్చుకుంది: కొందరికి స్టీలు గ్లాసు, కొందరికి ప్లాస్టిక్ కప్పు. మనం గర్వంగా చెప్పుకునే విస్తరాకు కూడా వాడి పారేసేదే. అది మట్టిలో కలిసిపోతుంది కాబట్టి బతికిపోయాం.

అమెరికాలో పారేసే కప్పుకు దారి వేసింది క్షయ రోగం. రైళ్లలో, స్కూళ్లలో గొలుసుతో కట్టిన ఒకే గ్లాసుతో అందరూ నీళ్లు తాగేవారు. దానితో రోగాలు అంటుకుంటాయని డాక్టర్ శామ్యూల్ క్రంబైన్ పట్టుబట్టగా, 1909లో కాన్సాస్ రాష్ట్రం ఆ ఉమ్మడి గ్లాసును నిషేధించింది. బోస్టన్‌లో లారెన్స్ లూయెలన్ అప్పటికే కాగితం కప్పు తయారుచేసి ఉన్నాడు. అదే తర్వాత డిక్సీ కప్పయింది. ఆ రోజున అది నిజంగా ప్రాణాలు కాపాడే వస్తువు. దాన్ని తప్పుపట్టలేం. గొడవంతా అక్కడితో ఆగకుండా, రోగం భయం లేని చోట కూడా అంట్లు తోమే ఖర్చు తప్పించుకునే మార్గంగా అది పాకిపోవడంలో ఉంది. 1970ల నడుమ నుంచి మెక్‌డొనాల్డ్స్ బర్గర్లు తెల్లటి థర్మాకోల్ పెట్టెల్లో వచ్చేవి. పర్యావరణవాదుల ఒత్తిడికి తలొగ్గి 1990 నవంబరులో ఆ కంపెనీ వాటిని మానేస్తున్నట్టు ప్రకటించి, కాగితం పొరలకు మారింది. అప్పట్లో పెద్ద విజయమని పండగ చేసుకున్నారు. పదార్థం మారింది, పారేయడం మారలేదు.

పదార్థం కన్నా ఎన్నిసార్లు వాడామన్నదే ముఖ్యమన్న సంగతిని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో లెక్కగట్టి చూపారు. అల్యూమినియం, ప్లాస్టిక్, థర్మాకోల్ అనే మూడు రకాల పార్సెల్ డబ్బాల పుట్టుక నుంచి చావు దాకా పోల్చి చూస్తే, తయారీకి అతి తక్కువ పదార్థం, కరెంటు పట్టేది థర్మాకోలేనట! మళ్లీ వాడే ప్లాస్టిక్ డబ్బా వాతావరణం లెక్కలో దానికన్నా మెరుగవ్వాలంటే కనీసం పద్దెనిమిది సార్లు వాడాలి. దీన్ని పట్టుకుని థర్మాకోల్ మంచిదే అనేవాళ్లు లేకపోలేదు. అది కాలవల్లో చేరి పశువుల కడుపుల్లోకి పోయే సంగతి ఆ లెక్కలోకి రాదు. నాకు మాత్రం పద్దెనిమిది అనే అంకె ధైర్యమిచ్చింది. స్టీలుకు ఆ అంకె వేరే కావచ్చు గానీ, రోజుకు రెండు పూటలు తిరిగే మెస్సు క్యారేజీకి పద్దెనిమిది పూటలంటే తొమ్మిది రోజుల పని. ఆ తర్వాత అది ఏళ్ల తరబడి బతుకుతుంది.

మన ప్రభుత్వం ఎంచుకున్న దారి నిషేధాల జాబితా. 2021 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చి, 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లాలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, స్వీట్ల పెట్టెలకు చుట్టే పల్చటి పొర వంటివి అమ్మకూడదన్నారు. క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు పెంచారు. బిర్యానీ పార్సెల్‌కి వాడే మూత ఉన్న నల్ల ప్లాస్టిక్ డబ్బా ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. యాప్‌లో ఆర్డరిస్తే ఇంటికొచ్చే చెత్తలో కొట్టొచ్చినట్టు కనిపించేది అదే. చెంచా పోయింది, డబ్బా ఉంది.

మళ్లీ గిన్నె కోసం మనిషిని పంపాలన్న ఆలోచన ఇప్పుడు వేరే దేశాల్లో పథకాల, చట్టాల రూపంలో వస్తోంది. సోల్ నగరపాలక సంస్థ 2022లో డెలివరీ యాప్‌లతో కలిసి తిరిగి వాడే గిన్నెల పథకం పెట్టింది. జర్మనీలో 2023 జనవరి 1 నుంచి, ఐదుగురు మించి పనివాళ్లున్న, లేదా ఎనభై చదరపు మీటర్లు దాటిన హోటళ్లన్నీ పార్సెల్‌కి తిరిగి ఇచ్చే గిన్నె కూడా ఉంచాలి. దానికి ఎక్కువ ధర వేయకూడదు, డిపాజిట్ తీసుకోవచ్చు. గోలీసోడా సీసా పట్టుకుని కొట్టు దగ్గరే నిలబడి తాగిన మనకు సీసా తిరిగి ఇచ్చే ఈ పద్ధతి కొత్తది కాదు.

జర్మనీలోని ట్యూబింగెన్ అనే యూనివర్సిటీ పట్నం ఇంకో అడుగు వేసింది. 2022 జనవరి నుంచి పారేసే ప్రతి డబ్బాకూ, కప్పుకూ అర యూరో, చెంచాకు ఇరవై సెంట్లు పన్ను. అర యూరో అంటే అప్పట్లో మనకు నలభై రూపాయల పైమాటే. ఊళ్లోని మెక్‌డొనాల్డ్స్ నడిపేవాళ్లు కోర్టుకెక్కారు. వ్యాజ్యం పైకోర్టులన్నీ దాటుకుని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. పన్ను చెల్లుతుందన్న ఆ కోర్టు తీర్పు 2025 జనవరిలో వెలువడింది. అదే నెల నుంచి కాన్‌స్టాంజ్ నగరమూ పన్ను మొదలుపెట్టింది. ఇంతా చేస్తే, ట్యూబింగెన్‌లో మొదటి ఏడాది చెత్త బరువు కొలవగలిగినంత తగ్గలేదని ఆ ఊరి యూనివర్సిటీ అధ్యయనమే చెప్పింది. పన్నును తిట్టేవాళ్లకు అది ఆయుధమైంది. కానీ తిరిగి వాడే గిన్నెలు ఉంచే కొట్ల సంఖ్య మాత్రం పెరిగింది. ఆ నగరం మొదటే చేసిన ఒక పనిని మన మునిసిపాలిటీలు గమనిస్తే బాగుంటుంది: పన్నుతో పాటే, గిన్నెలు కొనుక్కోవడానికీ, అంట్లు తోమే యంత్రం పెట్టుకోవడానికీ హోటళ్లకు డబ్బు సాయం చేసింది.