చిరునామాల పుస్తకము చేతులు మారిన వైనము

1970 దశకములో అమెరికాలోని 'ఆర్పానెట్' కంప్యూటర్ల పేర్లు, చిరునామాలు ఒకే జాబితాలో ఉండెడివి. కాలిఫోర్నియాలోని మెన్లోపార్కులో, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున ఒక బృందము ఆ జాబితాను దిద్ది అందరికిని అందించుచుండెను. కంప్యూటర్లు పెరిగిన కొలది అది మోయలేని బరువైనది.

1983లో పాల్ మొకపెట్రిస్ మరియొక మార్గము చూపెను. పూర్వము తాలూకా కచేరీలో అడిగినవానికి ఊరు చెప్పి, ఇంటి సంగతి ఆ ఊరి కరణమునడుగుమన్నట్లు, పై సర్వరు క్రింది సర్వరును మాత్రము చూపును. అసలు చిరునామా చెప్పునది క్రిందిదే. ఇదియే డి.ఎన్.ఎస్. అడిగిన ప్రతిసారి పైదాక పోనవసరము లేకుండ, నడుమనున్న సర్వర్లు ఒకసారి తెలిసిన జవాబును దాచుకొనును. ఎంతకాలము దాచవచ్చునో ఆ జవాబుతోనే సెకండ్లలో వచ్చును.

పేర్ల బాధ్యతను ఒక సంస్థనుండి మరియొకదానికి మార్చునపుడు చిక్కంతయు ఈ దాచుకొనుటలోనే ఉన్నది. పైన మార్పు జరిగినను, గడువు తీరువరకు కొందరు పాత సర్వరునే అడుగుదురు. రూట్ సర్వర్ల జవాబునకు గడువు 1,72,800 సెకండ్లు, అనగా రెండు దినములు. పాత సర్వరును తొందరపడి ఆపినచో కొందరికి వెబ్‌సైటు కనబడును, కొందరికి కనబడదు, ఉత్తరములు చేరవు. మార్చినవాని కంప్యూటరులో మాత్రము అంతయు సరిగానే కనబడవచ్చును! అందుచేతనే తప్పు పట్టుట కష్టము.

ఇట్టి మార్పు 2003 జనవరిలో పెద్దయెత్తున జరిగినది. సేవాసంస్థలు విరివిగా వాడు 'డాట్ ఆర్గ్' విభాగములో అప్పటికి సుమారు 26 లక్షల పేర్లుండెను. 2001 ఒప్పందములో వెరిసైన్ కంపెనీ 'డాట్ కామ్'ను నిలుపుకొని దీనిని వదలుకొనెను. పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ బాధ్యత వహించెను. సాంకేతికమైన పని అఫిలియాస్ చేపట్టెను. అయితే రెండును ఒకేనాడు మారలేదు. మొదట నమోదు పుస్తకము మారినది. ప్రశ్నలకు జవాబులు మరికొంతకాలము వెరిసైన్ సర్వర్లే చెప్పినవి. కొత్త సర్వర్లు ఆ పిమ్మటనే ఆ పనికి వచ్చినవి. విభాగము వదలుకొన్న కంపెనీయే దాని తరఫున జవాబు చెప్పుట వింతగా తోచవచ్చును గాని, అట్లు చెప్పకున్న లక్షల పేర్లు దారి తప్పియుండెడివి.

నేడొక పాఠశాల తన డొమైన్ పేరును వేరొక సంస్థకు మార్చుకొన్నను వరుస ఇదియే. ముందుగా పాత నమోదులన్నిటిని కొత్త సర్వరులో ఎక్కింపవలెను. ఎక్కువగా మరచునది ఉత్తరముల నమోదు. గడువును కొన్ని నిమిషములకు తగ్గించి, పాత గడువు తీరిన తరువాత మార్పు చేయుదురు. పాత సంస్థతో లెక్క తేల్చుట అటుపై రెండు మూడు దినములకే.