సి.ఎస్.ఎస్. తొలిపాఠాల చారిత్రక నేపథ్యం: తెలుగు లిపి దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వెబ్ పుటల రూపాన్ని నిర్దేశించే భాష క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్ (సి.ఎస్.ఎస్.). విషయాన్ని రూపం నుంచి వేరుచేయడం, పోటీపడే నియమాలలో ఏది చెల్లుతుందో నిర్ణయించడం, అక్షరరూపాన్ని ఎంచుకోవడం అనేవి ఈ భాషను అభ్యసించేవారికి తొలిపాఠాలు. ఇవి 1990ల నాటి ఒక వివాదంలో రూపుదిద్దుకున్న నిర్ణయాలు. పుట రూపంపై అధికారం రచయితదా, పాఠకుడిదా అన్నదే ఆ వివాదం. తెలుగు అక్షరం తన ఆకారం నుంచి విడివడేదాకా ఈ నిర్ణయాల ఫలం తెలుగు పాఠకుడికి అందలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సి.ఎస్.ఎస్., క్యాస్కేడ్, ఖతి, యూనికోడ్, తెలుగు లిపి, అక్షరం.

1. ప్రస్తావన

సి.ఎస్.ఎస్. పాఠాలు సాధారణంగా ఒక చిన్న నియమంతో మొదలవుతాయి. ఏ భాగానికి వర్తిస్తుందో తెలిపే ఎంపిక, ఏ లక్షణమో తెలిపే పేరు, ఆ లక్షణానికి ఇచ్చే విలువ - ఈ మూడూ కలిస్తే ఒక నియమం. శీర్షికలన్నీ ఎర్రగా ఉండాలని చెప్పడానికి ఒక పంక్తి చాలు. ఈ సరళత వల్ల అభ్యాసకుడు దీనిని కేవలం అలంకరణ విద్యగా భావించే అవకాశం ఉంది. అయితే ఆ పంక్తిని విషయం నడుమ ఉంచక వేరొక చోట రాయవలసిన అవసరం ఎందుకు కలిగిందన్నది చారిత్రక ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం తెలిసినప్పుడే తెలుగు పుటకు సంబంధించిన ప్రత్యేక సమస్యలు అర్థమవుతాయి.

2. వివాదానికి పూర్వరంగం

టిమ్ బర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనా సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించారు. అక్కడి శాస్త్రవేత్తలు వాడే కంప్యూటర్లు ఒకే రకానికి చెందినవి కావు. అందువల్ల హెచ్.టి.ఎమ్.ఎల్. భాషలోని గుర్తులు ప్రధానంగా ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని భాగాల స్వభావాన్ని తెలిపేవి. అవి తెరపై ఎలా కనిపించాలన్నది చదివేవారి బ్రౌజరుకు వదిలివేశారు.

1993లో మొజాయిక్ బ్రౌజరు రాకతో వెబ్ శాస్త్రవేత్తల పరిధిని దాటింది. అచ్చుపుటకు అలవాటుపడిన రచయితలు తమ పుట తాము కోరినట్లే కనిపించాలని ఆశించారు. నెట్‌స్కేప్ సంస్థ ఖతి, రంగు, మధ్యకు అమరిక వంటి వాటికోసం కొత్త గుర్తులను ప్రవేశపెట్టింది. అంకెలు చూపడానికి ఉద్దేశించిన పట్టికలు పుటను గళ్లుగా విభజించే సాధనాలయ్యాయి. ఖాళీ జాగా కోసం కంటికి కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మలను సాగదీసి వాడారు. కోరిన అక్షరరూపం కోసం శీర్షికలనే బొమ్మలుగా మార్చారు.

దీని పర్యవసానాలు మూడు. వంద పుటలలో రంగు మార్చాలంటే వంద పుటలనూ తిరగరాయవలసి వచ్చింది. బొమ్మగా మారిన శీర్షిక అన్వేషణకు దొరకలేదు. తెరపై పాఠాన్ని చదివి వినిపించే సాధనాలపై ఆధారపడిన అంధ పాఠకులకు గళ్లలో చిక్కిన పాఠం క్రమం తప్పి వినిపించింది.

3. 1994 నాటి ప్రతిపాదన

సెర్న్‌లో పనిచేస్తున్న నార్వే దేశీయుడు హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరు 10న క్యాస్కేడింగ్ స్టైల్ షీట్ల తొలి ప్రతిపాదనను వెలువరించారు. ఆనాటికి శైలీపత్రాల ఆలోచన కొత్తది కాదు. రచయిత కోరికనూ పాఠకుడి కోరికనూ ఒకే వ్యవస్థలో కలపడం ఇందులోని కొత్తదనం. తొలి ప్రతిపాదనలో ప్రతి నియమం పక్కన శాతాన్ని రాసే వీలుంది. పాఠకుడు ఒక లక్షణంపై నూరు శాతం అధికారాన్ని కోరవచ్చు, లేదా నలభై శాతం కోరి మిగిలినదాన్ని రచయితకు వదలవచ్చు. శాతాల పద్ధతి నిలవలేదు కాని, అధికారాన్ని పంచుకోవాలన్న భావన నిలిచింది.

అప్పటికే ఆర్గో అనే బ్రౌజరు కోసం మరొక శైలీభాషను రూపొందిస్తున్న నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బెర్ట్ బోస్ లీతో చేతులు కలిపారు. వీరి కృషి ఫలితంగా 1996 డిసెంబరు 17న సి.ఎస్.ఎస్. మొదటి స్థాయి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సిఫార్సుగా వెలువడింది. ఖతి, రంగు, అంచులు, వరుస ఎత్తు మొదలైన వాటికి సంబంధించి అందులో సుమారు 50 లక్షణాలు ఉన్నాయి.

4. క్యాస్కేడ్: చెల్లుబాటు క్రమం

క్యాస్కేడ్ అంటే మెట్లమీదుగా దిగే నీటి ధార. బ్రౌజరు సొంత నియమాలు, పాఠకుడి నియమాలు, రచయిత నియమాలు ఒకదాని తరువాత ఒకటి దిగి, చివరికి ప్రతి భాగానికీ ఒక్కొక్క లక్షణం విషయంలో ఒక్క విలువే నిలుస్తుంది. సామాన్య నియమాల విషయంలో రచయిత మాటే చెల్లుతుంది. అయితే ఒక నియమాన్ని ‘ముఖ్యం’ అని ప్రకటించే వీలు కూడా ఉంది. రచయిత, పాఠకుడు ఇద్దరూ అలా ప్రకటించినప్పుడు ఎవరిది పైచేయి?

1996 నాటి మొదటి స్థాయిలో ఆ పైచేయి రచయితదే. 1998 మేలో వెలువడిన రెండవ స్థాయి ఆ నిర్ణయాన్ని తలకిందులు చేసి పాఠకుడికి పైచేయినిచ్చింది. పెద్ద అక్షరాలు, ప్రత్యేకమైన రంగులు అవసరమయ్యే పాఠకుల సౌలభ్యం ఈ మార్పుకు కారణం. అభ్యాసకుడు సాధారణంగా ఒక చిట్కాగా నేర్చుకొనే ‘ముఖ్యం’ అనే ప్రకటన వెనుక ఇంతటి విధాన మార్పు ఉంది. అలంకరణ రచయిత చేతిలో ఉన్నా, చదవగలగడం పాఠకుడి హక్కు అన్నదే ఆ మార్పు సారాంశం.

5. తెలుగు పుట: ఆకారమే విషయమైన కాలం

ఈ హక్కుకు ఒక ముందు షరతు ఉంది. రూపాన్ని మార్చినా విషయం చెక్కుచెదరకూడదు. ఆ కాలంలో తెలుగు వెబ్ పుటలు చాలావరకు ఈ షరతును నెరవేర్చలేకపోయాయి.

యూనికోడ్ తొలి రూపంలోనే, అంటే 1991లోనే, తెలుగుకు స్థానం లభించింది. అయినా సామాన్యుడి కంప్యూటరులో ఆ పాఠాన్ని సరిగా చూపే ఏర్పాటు చాలాకాలం లేదు. అందువల్ల 1990ల చివరి నుంచి అనేక తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఖతులను ఆశ్రయించాయి. ఈ ఖతులలో ఇంగ్లీషు అక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన స్థానాలలో తలకట్లు, గుడులు, ఒత్తులు, అక్షరాల ముక్కలు ఉండేవి. పుటలో నిల్వ ఉన్నది లాటిన్ సంకేతాల వరుస, కంటికి కనిపించేది తెలుగు. ఆ ముక్కల అమరిక కూడా ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క విధంగా ఉండేది.

ఇక్కడ సి.ఎస్.ఎస్. తొలిపాఠమే విఫలమైంది. ఖతులను ఎంచుకొనే లక్షణంలో ఒకటి కంటే ఎక్కువ పేర్లు ఇవ్వవచ్చు. మొదటి ఖతిలో ఒక అక్షరం లేకపోతే బ్రౌజరు తరువాతి దానిలో వెదుకుతుంది. ఇది పాఠకుడిని ఆదుకోవడానికి చేసిన ఏర్పాటు. అయితే బ్రౌజరు దృష్టిలో ఆ పుటలో ఉన్నవి లాటిన్ అక్షరాలే, అవి దాదాపు ప్రతి ఖతిలోనూ ఉంటాయి. కాబట్టి పుట కోరిన ఖతి దొరకనప్పుడు బ్రౌజరు ఏ లోటునూ గుర్తించకుండా అర్థంలేని లాటిన్ వరుసను చూపేది. పాఠకుడు తన హక్కును వినియోగించి సొంత ఖతిని విధిస్తే తెలుగు పాఠమే మాయమయ్యేది.

సి.ఎస్.ఎస్. రెండవ స్థాయి ఖతిని పుటతోపాటు పంపే నియమాన్ని చేర్చింది. కాని మైక్రోసాఫ్ట్, నెట్‌స్కేప్ బ్రౌజర్లు వేర్వేరు ఖతి రూపాలను అనుసరించాయి. ‘డైనమిక్ ఫాంట్లు’గా పేరొందిన ఈ పద్ధతి పాఠకుడికి ఖతిని దించుకొనే శ్రమను తప్పించింది. నిల్వలోని పాఠం మాత్రం లాటిన్ సంకేతాలుగానే ఉండిపోయింది. పరిశోధకుడికి అసలు నష్టం ఇదే. అటువంటి పుటల్లో ఒక తెలుగు మాటను తెలుగుగా వెదకడం సాధ్యం కాదు. ఖతి కనుమరుగైతే పాఠాన్ని చదవడానికి ఆ ఖతి అమరిక తెలిసిన మార్పిడి సాధనం కావాలి. అటువంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపిన ‘పద్మ’ అనే బ్రౌజరు పొడిగింపు ఈ అవసరం నుంచే పుట్టింది.

2001లో విండోస్ ఎక్స్‌పి గౌతమి ఖతితో రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభం కావడం ఈ స్థితి మారుతున్నదనడానికి గుర్తులు. తరువాత 2008లో సఫారీ 3.1, 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 సాధారణ ఖతి ఫైళ్లను పుటతోపాటు స్వీకరించడం మొదలుపెట్టాయి. అప్పటికి యూనికోడ్ పాఠం అందుబాటులో ఉన్నందున ఖతి నిజంగా అలంకారమైంది. దానిని తీసివేసినా తెలుగు తెలుగుగానే ఉంటుంది.

6. మొదటి అక్షరం ఏది?

విషయం, రూపం విడివడిన తరువాత కూడా ఒక సమస్య మిగిలింది. పేరాలోని మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపే వీలు 1996 నుంచే సి.ఎస్.ఎస్.లో ఉంది. ఇంగ్లీషులో మొదటి అక్షరం ఏదన్న సందేహం సాధారణంగా రాదు. ‘స్త్రీ’ అనే మాటతో మొదలయ్యే తెలుగు పేరాలో మొదటి అక్షరం ఏది? ఛందస్సు ప్రకారం అది ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. యూనికోడ్ సాధారణ విభజన నియమం చాలాకాలం దీనిని ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు ముక్కలుగా లెక్కించింది. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని సవరించి, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని ఒకే ప్రమాణంగా గుర్తించింది. లక్షణకారులు ఏనాడో నిర్ణయించిన అక్షరస్వరూపం కంప్యూటరు ప్రమాణంలోకి చేరడానికి ఇంతకాలం పట్టింది.

తొలిపాఠాలలోని మరికొన్ని లక్షణాలకూ ఇదే పరిశీలన వర్తిస్తుంది. అక్షరాలను పెద్దబడికి మార్చే నియమానికి తెలుగులో పని లేదు. గుడులు పైకి, ఒత్తులు కిందికి విస్తరించే లిపికి ఇంగ్లీషుకు చాలిన వరుస ఎత్తు ఇరుకవుతుంది.

7. ముగింపు

సి.ఎస్.ఎస్. తొలిపాఠాలు రచయిత, పాఠకుల మధ్య అధికార విభజనను నిర్దేశించిన చారిత్రక నిర్ణయాలు. రూపం మారినా పాఠం నిలవాలన్న సూత్రం లాటిన్ లిపికి మొదటినుంచీ సహజంగా అమరింది. తెలుగుకు అది సంకేతవ్యవస్థ మార్పుతోనే సాధ్యమైంది. కనుక తెలుగు విద్యార్థులకు ఈ విద్యను ఇంగ్లీషు ఉదాహరణలతో మాత్రమే బోధిస్తే అక్షరం, ఆకారం, వరుస ఎత్తు వంటి ప్రశ్నలు మరుగునపడతాయి. ‘స్త్రీ’ వంటి ఒక్క మాటను ఉదాహరణగా తీసుకున్నా అవి తొలిరోజే ఎదురవుతాయి. అదేవిధంగా, పాత ఖతుల్లో చిక్కుకున్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచడం తెలుగు సాహిత్య, పత్రికారచనా చరిత్రల పరిశోధనకు అత్యవసరమైన పని. ఆ ఖతుల అమరిక తెలిసినవారు, వాటి ఫైళ్లు అందుబాటులో ఉన్నప్పుడే అది సులభసాధ్యం.