రెండొందల గినీల పనిముట్టు

లండన్ పికడిల్లీ వీధిలో 124వ నంబరు షాపు కిటికీలో దశాబ్దాల తరబడి ఒక తాళంకప్ప ఉండేది. పక్కనే ఒక బోర్డు. ఈ తాళాన్ని తెరవగల పనిముట్టు తయారుచేసిన నిపుణుడికి 200 గినీలు, అదీ పనిముట్టు చూపించిన మరుక్షణమే ఇస్తామని దాని సారాంశం. షాపు బ్రామా కంపెనీది. జోసెఫ్ బ్రామా 1784లో పేటెంట్ తీసుకున్న రకం తాళం అది.

ఆ బోర్డు మీద నన్ను ఆపేసే మాట ‘పనిముట్టు’. తాళం తెరిచినవాడికి బహుమతి అనలేదు, తెరిచే పనిముట్టు చేసినవాడికి అన్నారు. 1851లో అలాంటి పనిముట్టు నిజంగానే వచ్చి కూర్చుంది. వచ్చాక, అసలు ఇది న్యాయమైన పనిముట్టేనా అని గొడవ మొదలైంది.

తెచ్చినవాడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. అమెరికన్. డే అండ్ న్యూవెల్ అనే కంపెనీ తాళాలు అమ్మడానికి లండన్ మహా ప్రదర్శనకి వచ్చాడు. తన సరుకు గొప్పదని చెప్పడానికి అవతలివాళ్ళ తాళాలు తెరిచి చూపించడం అతని పద్ధతి. ముందు చేయి పెట్టింది చబ్ కంపెనీ ‘డిటెక్టర్’ తాళం మీద. ఇది 1818 నాటి పేటెంట్. ఇందులో లివర్లుంటాయి, మన తాళంకప్పల మీద ‘7 లివర్స్’ అని కొట్టి ఉంటుందే, ఆ జాతే. ఎవరైనా కెలికినప్పుడు ఏదైనా లివరు ఉండాల్సినదానికంటే ఎక్కువ లేస్తే తాళం లోపల బిగుసుకుపోతుంది. సొంతదారు తన చెవితో వెనక్కి తిప్పితే గానీ వదలదు. ఎవరో చేయి పెట్టారని ఆయనకి తెలిసిపోతుంది.

హాబ్స్ ఈ కాపలాదారుతోనే కబుర్లు చెప్పించుకున్నాడు. బిగుసుకుందంటే లివరు ఎక్కువ లేచిందని తాళమే చెబుతోందన్నమాట. 1851 జులైలో, వెస్ట్‌మిన్‌స్టర్‌లో, సాక్షుల ముందు 25 నిమిషాల్లో తెరిచాడు. 7 నిమిషాల్లో మళ్ళీ వేసేశాడు. ఎర్రర్ మెసేజ్ మరీ వివరంగా ఉంటే దాడిచేసేవాడికే ఉపయోగపడుతుందని సాఫ్ట్‌వేర్‌లో ఇవాళ మనం జాగ్రత్తపడేది సరిగ్గా ఇందుకే.

బ్రామా తాళం అంత సులువు కాదు. దాని చెవి సన్నటి గొట్టంలా ఉంటుంది, కొసన వేర్వేరు లోతుల్లో గాట్లు. కిటికీలోని తాళంలో గుండ్రంగా 18 స్లైడర్లున్నాయి. ఒక్కొక్కటీ తనకి నిర్ణయించిన లోతుకి, అంతే లోతుకి వెళ్ళాలి. అన్నీ కుదిరితేనే మధ్యలోని బ్యారెల్ తిరుగుతుంది. వాటిని వెనక్కి తోయడానికి బలమైన స్ప్రింగు ఒకటి.

దీనికోసం హాబ్స్ తయారుచేసుకున్న సరంజామా చూస్తే నవ్వొస్తుంది, అంత మామూలుగా ఉంటుంది. మొదటిది, స్ప్రింగుని లోపలికి నొక్కి అలాగే పట్టి ఉంచే ఏర్పాటు. రెండోది, బ్యారెల్‌ని తిప్పాలని నిరంతరం కొద్దిగా ఒత్తుతూ ఉండే ఒక వంపు కడ్డీ, దానికి బరువు. మూడోది, స్లైడర్లని నెట్టడానికి ఒక సూది. నాలుగోది, ఎక్కువ నెట్టేస్తే వెనక్కి లాగడానికి క్రోషే సూదిలాంటి కొక్కెం. ఇంకా ఒక సన్నటి ఇత్తడి రేకు. ఏ స్లైడరు ఎంత లోతులో కుదిరిందో దానిమీద గుర్తు పెట్టుకోవడానికి. ఇవాళ ఆపిన చోటునుంచి రేపు మొదలుపెట్టొచ్చు.

కిటుకు ఎక్కడుందంటే, మనిషి చేసిన ఏ తాళమూ నిఖార్సుగా ఉండదు. బ్యారెల్ మీద కొద్దిగా ఒత్తిడి పెడితే 18 స్లైడర్లూ సమానంగా బిగుసుకోవు, ఏదో ఒకటి ముందు బిగుసుకుంటుంది. దాన్ని సర్దితే ఆ తర్వాతది. ఆ వెంట్రుకవాసి తేడాని చేతికి చేరవేయడమే పనిముట్టు పని. 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు పట్టింది. తెరుచుకుంది.

బ్రామా కంపెనీ ఒప్పుకోలేదు. తాళానికి ఏర్పాటు బిగించి పెట్టడమేమిటి, రోజుల తరబడి దాన్ని అలా ఉంచుకోవడమేమిటి, ఏ దొంగకి ఇంత తీరిక దొరుకుతుంది? పైకి ఇది సబబైన ప్రశ్నే. మధ్యవర్తులు మాత్రం తాళం దెబ్బతినలేదని, హాబ్స్ న్యాయంగానే గెలిచాడని తేల్చారు. కంపెనీ సణుగుతూనే డబ్బు కట్టింది.

నాకు మధ్యవర్తులే సరిగ్గా చూశారనిపిస్తుంది. 51 గంటల్లో ఎక్కువభాగం ఆ తాళాన్ని తెలుసుకోవడానికి పోయింది. తెలుసుకున్నది ఇత్తడి రేకు మీద మిగిలింది. ఆ కొలతలతో చెవి చేయించుకుంటే రెండోసారికి అంత సమయం ఎందుకు పడుతుంది? ఇనప్పెట్టెలో ఎవరి ఆస్తి కాగితాలైతే ఉన్నాయో, వాళ్ళకి కావల్సింది ఈ సమాధానం. దొంగకి తీరిక ఉండదులే అన్నది కంపెనీ తనకి తాను చెప్పుకున్న ఓదార్పు.

ఇప్పుడు తాళాలు విప్పడం ఒక హాబీ. 1860లలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ చేసిన పిన్ తాళాల వారసులే ఎక్కువగా వీళ్ళ సాధనకి దొరికేవి. మీది కాని తాళాన్నీ, వాడుకలో ఉన్న తాళాన్నీ ముట్టుకోవద్దన్నది వీళ్ళ మొదటి నియమం. అమ్మకానికొచ్చే సెట్లు చూస్తే జిప్పు సంచీలో ఇరవై, ముప్పై ముక్కలు. సగం రంపపు పళ్ళలాంటి రేకులు, ఒకదానికొకటి పెద్ద తేడా ఉండదు. హాబ్స్ సరంజామాని పక్కన పెట్టి చూస్తే ఏది మంచి సెట్టో చెప్పడం కష్టం కాదు.

ముందు చూడాల్సింది టెన్షన్ రెంచిని. హాబ్స్ బరువు కట్టిన కడ్డీకి మనవరాలు అది. చౌక సెట్లలో దీన్ని పట్టించుకోరు. చెవి కన్నంలో వదులుగా ఆడినా, ఒత్తగానే వంగినా, మిగతా ముప్పై ముక్కలూ దండగ. తర్వాత ఉక్కు. మెత్తటిదైతే వంగి అలాగే ఉండిపోతుంది, స్ప్రింగు ఉక్కు తిరిగి నిటారవుతుంది. మందం ఎక్కువైతే ఇరుకు కన్నాల్లో కదలదు, మరీ సన్నమైతే పిన్నుని ఎత్తలేదు. అంచుల్లో కోతపళ్ళు మిగిలిపోతే ఆ గరగరే చేతికి తెలుస్తుంది గానీ లోపలి పిన్ను కదిలిన ‘టిక్’ తెలీదు. పిడికి దట్టంగా రబ్బరు తొడిగితే హాయిగానే ఉంటుంది, కబురు మాత్రం అందులోనే ఇంకిపోతుంది. బాగా నునుపు చేసిన రెండు మూడు కొక్కేలు, సరిపడే రెంచీలు రెండో మూడో ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

ఇత్తడి రేకు మాత్రం ఏ సెట్టులోనూ రాదు. అది మనం తెచ్చుకోవాల్సిందే.

హాబ్స్ చేసింది దొంగలకి పాఠం చెప్పడమేనని అప్పట్లో కొందరు మండిపడ్డారు. 1853లో చార్లెస్ టామ్లిన్సన్ పేరుతో వచ్చిన తాళాల పుస్తకం దీనికి జవాబిచ్చింది: దొంగలకి ఈ విద్య ముందే తెలుసు, తెలియనిది తాళం కొనుక్కునేవాళ్ళకే. కొన్నేళ్ళకి యేల్ జూనియర్ హాబ్స్ గొప్పగా చెప్పుకున్న డే అండ్ న్యూవెల్ తాళాన్నీ తెరిచేశాడు. లండన్ జనం మాత్రం ఆ 1851 ఎండాకాలం తర్వాత షాపు కిటికీలో బోర్డు చూసి తాళం కొనడం గురించి ఒకసారి ఆలోచించి ఉంటారు.