గాలేశాసనమును హంబన్‌తోట రేవును

లంకాద్వీపమున గాలే పట్టణమునందు 1911వ సంవత్సరమున నొక శిలాశాసనము బయలుపడినది. చీనా, తమిళ, పారసీక భాషలు మూఁటను జెక్కఁబడిన యీ శాసనము క్రీ. శ. 1409వ సంవత్సరమునాఁటిది. మింగువంశపుఁ జక్రవర్తి యగు యుంగ్లో పనుపున నావికాధిపతి జెంగ్ హే దీనిని లంకకుఁ దెచ్చెను. చీనాభాగమున బుద్ధునకును, తమిళభాగమునఁ దెనావరై నాయనారను విష్ణుదేవునకును, పారసీకభాగమున నల్లాకును సమర్పింపఁబడిన బంగారము, వెండి, పట్టు, సుగంధతైలము మున్నగు కానుకలు పేర్కొనఁబడినవి. నానామతముల వర్తకులు గూడు తీరమున నందఱి దైవములను నారాధించుట వర్తకమార్గమును సుగమము చేసికొను నుపాయము. అయినను 1411వ సంవత్సరమున నా జెంగ్ హేయే లంకలోఁ బ్రభుత్వము చేయుచున్న యలకేశ్వరుని బట్టి చీనాకుఁ గొనిపోయెను. చక్రవర్తి పిదప నాతనిని విడిచిపెట్టెను. దానమును దండమును నొక్క యోడలోనే వచ్చె ననవచ్చును.

ఆఱువందల యేండ్లకుఁ జీనాధనము మరల నా దక్షిణతీరమును జేరినది. గాలేకుఁ దూర్పున నున్న హంబన్‌తోటలో 2008వ సంవత్సరమున రేవునిర్మాణ మారంభమై, 2010లో మొదటిభాగము తెఱవఁబడెను. దానికై చీనా ఎగ్జిమ్ బ్యాంకు 30.7 కోట్ల డాలర్లను నూటికి 6.3 వడ్డీకి ఋణ మిచ్చెను. సూయజు కాలువనుండి మలక్కా జలసంధికిఁ బోవు నోడలదారి యీ తీరమునకు మిక్కిలి చేరువ. కాని దారి చేరువ యైనంతమాత్రమున నోడ యాఁగదు. సరకు మార్చుకొనుటకుఁ గొలంబో ముందే యుండఁగా నోడలు క్రొత్తరేవును గడచి పోయినవి. 2017లో లంకాప్రభుత్వము చీనా మర్చంట్స్ అను సంస్థకు 112 కోట్ల డాలర్లకు నీ రేవును 99 సంవత్సరముల కౌలున కిచ్చెను.

అప్పు తీర్పఁజాలక రేవును విడిచిరని లోకప్రవాదము. ఇది విచారణకు నిలువదు. ఆ సొమ్ము రేవుఋణమున జమకట్టఁబడలేదు. విదేశద్రవ్యనిధిని బెంచుటకై తీసికొనఁబడినది. లంక యప్పులలోఁ బెద్దభాగము పాశ్చాత్యవిపణులందు విక్రయింపఁబడిన బాండ్లది. కాని ప్రవాద మసత్య మైనంతమాత్రమున లంకకు హాని లేదనరాదు. రేవు పరుల నిర్వాహమునకుఁ బోయినది. రేవునకై చేసిన యప్పు ప్రభుత్వముపైననే నిలిచినది. 2022 ఏప్రిలున లంక విదేశఋణముల చెల్లింపును నిలిపివేసెను.

ఇచట వ్యాకరణ మొక వెలుఁ గిచ్చుచున్నది. ఋణార్థమునఁ బాణిని యప్పిచ్చినవానిని, అనఁగా నుత్తమర్ణుని, సంప్రదానముగా విధించెను. దానము గ్రహించువానికిఁ జెల్లు సంజ్ఞయే ఋణదాతకును జెల్లినది. ఇచ్చినట్లు కనఁబడువాఁడే తుదకుఁ బుచ్చుకొనువాఁడు. గాలేశాసనము దానమును జెప్పును. హంబన్‌తోటపత్రము ఋణమును జెప్పును. ఈ భేదమును మఱచినవారే పరధనముచేఁ గట్టఁబడిన ప్రతిరేవును గానుక యనుకొందురు.

కాని పరధన మెల్లయెడల నిష్ఫల మనుటయుఁ బొరపాటే. గ్రీసుదేశమునఁ బిరేయస్ రేవులోఁ గాస్కో అను చీనా నౌకాసంస్థ 2009లోఁ గొన్ని కట్టలను గౌలునకుఁ బుచ్చుకొని, 2016లో రేవుసంస్థయందు నూటికి 51 వాటాలను గొనెను. 2010లోఁ బదిలక్షలకు లోఁబడియున్న పెట్టెల లెక్క 2019 నాఁటికి 56 లక్షలు దాఁటినది. సూయజు దాఁటి మధ్యధరాసముద్రమునఁ బ్రవేశించు నోడ కది తొలిమజిలీ. అందుండి మధ్యయూరపునకు రైలుమార్గము గలదు. అన్నింటికంటె ముఖ్యము, కట్టయు నోడయు నొక్కని వగుట. ఏ రేవున సరకు దింపవలయునో నిర్ణయించువాఁడే రేవుయజమానుఁ డైనపుడు వర్తకప్రవాహము వాని చేతిగట్టును బట్టి పాఱును.

షీ జిన్‌పింగ్ 2013లోఁ బ్రకటించిన బెల్ట్ అండ్ రోడ్ యోజన యీ పద్ధతినే ఖండాంతరములకు విస్తరింపఁజేసినది. దాని మార్గములన్నియుఁ బూర్తియైనచోఁ బ్రపంచవర్తకము నూటికి 1.7 మొదలు 6.2 వఱకుఁ బెరుఁగు నని ప్రపంచబ్యాంకు 2019లో నంచనా వేసెను. అయితే సుంకపుఁజావళ్ల యాలస్యమును దగ్గించి, విధానములను సంస్కరించుకొన్న దేశములకే యధికఫలమనియు, గొన్ని దేశములకు వ్యయమే లాభమును మించుననియు నా గ్రంథమే చెప్పుచున్నది. వర్తకవృద్ధి పలువురది, ఋణము మాత్ర మొక్కనిది. ఈ రెంటిని వేఱువేఱుగా లెక్కింపనిచోఁ జరిత్ర సరిగా వ్రాయఁబడదు.

గాలేశిల నేఁడు కొలంబో ప్రదర్శనశాల యందున్నది. ఎవరి కేమి యిచ్చిరో మూఁడు భాషల వర్తకులును జదువునట్లు దానిపైఁ జెక్కిరి. నేఁటి ఋణపత్రములలోఁ బెక్కు రహస్యనియమములకు లోఁబడి యున్నవి. అప్పు తీర్పవలసిన ప్రజకు దానిని దమ భాషలోఁ జదువుకొను నధికార మా పూర్వులపాటి యైనను నుండవలదా?